పాత గస్తీ నౌకల్ని సేవలోంచి దించేముందు: మేనల్లుడికి మామయ్య ఉత్తరం

పెరంబూరు, చెన్నై

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పాత గస్తీ నౌకల బదులు కొత్తవి ఎన్ని కావాలో, ఎప్పటికి కావాలో, ఎలాంటివి కావాలో తేల్చే టీమ్‌లో నిన్ను వేశారని మీ అమ్మ చెప్పింది. మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి ఐదు నిమిషాల్లో జవాబు చెప్పడం నావల్ల కాలేదు. అసలు నీ ప్రశ్నే నాకు నచ్చలేదనుకో. "మామయ్యా, ఎన్ని టన్నుల షిప్ అయితే బాగుంటుంది?" అన్నావు. అది అన్నిటికన్నా చివర అడగాల్సిన ప్రశ్న అల్లుడూ. అందుకే తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గా చదువు.

నీకు అప్పగించింది నౌకలు కొనే పని అనుకుంటున్నావు. కాదు, గస్తీకి గండి పడకుండా చూసే పని. కొనడమే పని అనుకున్నవాడు షిప్‌యార్డుల బ్రోషర్లు ముందేసుకుని కూర్చుంటాడు. గస్తీ ఆగకూడదు అనుకున్నవాడు ముందు లెక్క తీస్తాడు. ఇప్పుడున్న ఒక్కో పాత నౌక ఏడాదిలో నిజంగా ఎన్ని రోజులు సముద్రం మీద ఉంది? అందులో గస్తీకి పోయినవి ఎన్ని, ఉత్సవాలకీ పెద్దల పర్యటనలకీ పోయినవి ఎన్ని? రిఫిట్‌లో, అంటే యార్డులో పెట్టి చేసే పెద్ద మరమ్మతులో, గడిచినవి ఎన్ని? రిఫిట్ కూడా కాకుండా, ఏదో ఒక పార్టు కోసం జెట్టీకి కట్టేసి ఉన్నవి ఎన్ని? కనీసం ఐదేళ్ళ లెక్క తియ్యి. గస్తీ రోజులు ఏ ఏడాది నుంచి జారుతూ వచ్చాయో తెలిసిపోతుంది. నీ నోట్‌లో మొదటి పేజీ అదే కావాలి. నౌక వయసు రెండో పేజీలో రాసినా పరవాలేదు.

వయసు చూసి నౌకను ముసలిది అనెయ్యకు. సుకన్య తరగతినే తీసుకో, ఒకే డిజైను మీద కట్టిన గస్తీ నౌకలవి. మొదటి మూడూ దక్షిణ కొరియాలో కట్టారు, మిగిలినవి మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో. సుకన్య నౌకాదళంలో చేరింది 1989 లో. నూట ఒక్క మీటర్ల పొడవు, ఆయుధాలు అంతంత మాత్రం, వెనక హెలికాప్టర్ డెక్ మాత్రం విశాలం. ఆ చోటు ఉండబట్టే 2000 లో అదే తరగతిలోని సుభద్ర మీదనుంచి ధనుష్ క్షిపణిని పరీక్షించగలిగారు. కట్టినవాళ్ళెవరూ కలలో కూడా అనుకోని పని అది. హడావుడి లేని, బలమైన, ఖాళీ చోటున్న నౌక చాలాకాలం పనికొస్తుంది. అన్నీ కుక్కిన నౌక పదిహేనేళ్ళకే ఆయాసపడుతుంది.

మరి ఏది ముసలిదైందో ఎలా తెలుస్తుంది? లోపలికి దిగితేనే తెలుస్తుంది. బ్రిడ్జి మీదికి ఎక్కకు, అక్కడ ఎప్పుడూ తళతళలాడుతూనే ఉంటుంది. గ్యాలీ (వంటగది) కిందికీ, బాత్‌రూముల కిందికీ, ఇంజన్ రూము అడుగున మురికినీళ్ళు చేరే బిల్జిలోకీ దిగు. పాత నౌకలన్నీ పైన పటారం, లోన లొటారం. పెద్దాయన ఎవరో తనిఖీకి వస్తున్నాడంటే పెయింటు మీద పెయింటు పూసేస్తారు. దాని కింద ఉక్కు ప్లేటు ఎంత మిగిలిందో కంటికి ఆనదు. బాయిలర్ సూట్ వేసుకుని, టార్చి పట్టుకుని మోకాళ్ళ మీద పాకుతూ చిన్న సుత్తితో తట్టుకుంటూ పో. మంచి ప్లేటు ఖంగుమంటుంది. తుప్పు తినేసినది మొద్దుగా మోగుతుంది, ఇంకో దెబ్బ వేస్తే పెయింటుతో కలిసి తుప్పు అట్టలు కట్టి ఊడివస్తుంది. అక్కడ సుద్దముక్కతో చుట్టు గీసి, శుభ్రం చేయించి, కాస్త జెల్ రాసి అల్ట్రాసోనిక్ గేజ్ ఆనించు. మిగిలిన మందం మిల్లీమీటర్లలో చూపిస్తుంది. కట్టినప్పటి మందం డ్రాయింగులో ఉంటుంది, పక్కపక్కన రాసుకో. కడుగునీళ్ళు దిగి నిలిచే మూలలు, సముద్రపు నీటిని లోపలికి తీసుకునే సీ చెస్ట్ చుట్టుపక్కల, రాగి-నికెల్ పైపు వచ్చి ఉక్కుకి తగిలే చోటు: పాడవడం ఇక్కడ మొదలవుతుంది. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే ఉక్కు కరిగిపోతూనే ఉంటుంది.

ప్లేటు పోతే మార్చొచ్చు. డ్రై డాక్‌లో పెట్టి, కోసేసి, కొత్తది వెల్డింగ్ చేస్తారు. డబ్బు పెడితే తీరే జబ్బది. తీరనివి వేరే ఉన్నాయి. ఇంజను తయారు చేసిన కంపెనీ ఆ మోడల్ మానేసి ఉంటుంది. జనరేటర్ కంట్రోల్ కార్డులు ఎక్కడా దొరకవు. కేబుళ్ళు ముట్టుకుంటే తొడుగు పెళుసుబారి రాలిపోతుంది. ఇక ఒక నౌకలోది పీకి ఇంకో నౌకకి పెట్టడం మొదలైందా, ఆ తరగతికి రోజులు దగ్గరపడ్డట్టే. ఇది పెద్దాఫీసు రిపోర్టులో స్పష్టంగా ఉండదు. ఇంజన్ రూములో ఏళ్ళ తరబడి పనిచేసిన సీనియర్ సెయిలర్ ఒకడుంటాడు, అతని పక్కన కూర్చుని టీ తాగు. ఏ పంపు ఏ నౌకలోంచి వచ్చిందో, ఎప్పుడొచ్చిందో వేళ్ళ మీద చెప్తాడు. హోదా పక్కనబెట్టి అడిగితేనే సుమా.

ఈ దశలో ఎవరో ఒకరు "లైఫ్ ఎక్స్‌టెన్షన్ చేద్దాం సార్, ఇంకో పదేళ్ళు లాగొచ్చు" అంటారు. కొట్టిపారెయ్యకు, కొన్ని నౌకలకి అది సరైనదే. కాని మందుకీ, మాయకీ తేడా కనిపెట్టు. అమెరికా కోస్ట్‌గార్డ్ చేసిన పని చెప్తాను. వాళ్ళ దగ్గర నూట పది అడుగుల పాత గస్తీ పడవలుండేవి. కొత్తవి వచ్చేలోగా వీటినే పొడిగిద్దామని వెనక భాగం కోసి పదమూడు అడుగులు చేర్చారు, నూట ఇరవై మూడు అడుగులయ్యాయి. ఎనిమిదింటికి అలా చేశారు. పొడవు పెరిగేసరికి అలల మీద వంగే ఒత్తిడి పెరిగింది, పాత ప్లేట్లు దాన్ని తట్టుకోలేక నొక్కుకుపోయాయి. 2006 నవంబరులో ఎనిమిదింటినీ సేవల్లోంచి తీసేశారు. అంటే డబ్బూ పోయింది, పడవలూ పోయాయి. నన్నడిగితే పోయినవాటిలో పెద్దది గస్తీ. పొడిగించకుండా ఉంటే ఆ ఎనిమిదీ ఇంకొన్నాళ్ళు ఎలాగో తిరిగేవి. ఆయుష్షు పొడిగించడమంటూ జరిగితే నౌక ఆకారం, బరువు జోలికి పోకుండా, యంత్రాలూ పైపులూ వైరింగు వరకే ఆగమను. అది కూడా కొత్త నౌక ఒప్పందం మీద సంతకం అయ్యాకే. లేకపోతే లైఫ్ ఎక్స్‌టెన్షన్ ఫైలు చూపించి కొత్త నౌకల ఫైలును పక్కన పెట్టేస్తారు. ఇది జరుగుతుంది, రాసిపెట్టుకో.

ఇక ఎలాంటి నౌక కావాలి అన్నది. ఆఫీసులో కూర్చుని తేల్చకు. ఒక తెల్లవారుజామున కాశిమేడు చేపల హార్బరుకి వెళ్ళు. మన శ్రీకాకుళం వైపు కుర్రాళ్ళు చాలామందే అక్కడ బోట్ల మీద పనిచేస్తారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. "మీకు గస్తీ నౌక ఎక్కడ కనిపిస్తుంది, ఎన్నాళ్ళకొకసారి కనిపిస్తుంది, ఇంజను చెడితే ఎంతసేపటికి వస్తుంది" అని అడుగు. వాళ్ళు చెప్పేది నీ మ్యాపులో గీసిన గస్తీ గీతలతో కలవకపోతే, మ్యాపునే అనుమానించు.

గస్తీ నౌక చేసే పనులు చూస్తే నీకే ఆశ్చర్యం వేస్తుంది. 2017 జనవరిలో ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకుని చమురు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. జనం బకెట్లతో ఎత్తిపోశారు, నీకూ గుర్తుండే ఉంటుంది. 2021 మేలో కొలంబో బయట ఎక్స్‌ప్రెస్ పెర్ల్ కంటైనర్ ఓడ తగలబడితే మన కోస్ట్‌గార్డ్ నౌకలు వెళ్ళి నీళ్ళు కొట్టాయి. వాటిలో వజ్ర అప్పటికి సేవలో చేరి రెండు నెలలే. 2024 జనవరి చివర్లో సోమాలియా తీరానికి దూరంగా ఐఎన్‌ఎస్ సుమిత్ర రెండు రోజులైనా గడవకముందే రెండు చేపల పడవల్ని సముద్రపు దొంగల చేతుల్లోంచి విడిపించింది. ఒకదాంట్లో పదిహేడుమంది ఇరాన్ వాళ్ళు, ఇంకోదాంట్లో పందొమ్మిదిమంది పాకిస్తాన్ వాళ్ళు. ఈ మూడు సందర్భాల్లోనూ పెద్ద ఫిరంగి అక్కరకొచ్చిందా? అక్కరకొచ్చింది దూరం వెళ్ళగల ఇంధనం, చెడు వాతావరణంలోనూ కిందికి దించగల చిన్న బోటు, హెలికాప్టరు, మంటల మీద నీళ్ళు చిమ్మే మానిటర్లు, రక్షించినవాళ్ళని ఉంచడానికి చోటు. చిన్న బోటు దించే డేవిట్ దగ్గర మాత్రం రాజీపడకు. అలలు రేగినప్పుడు బోటు దించలేని గస్తీ నౌక దూరంనుంచి చూసి రావడానికే పనికొస్తుంది.

వేగం దగ్గర అందరూ పడిపోతారు. "ఇరవై ఆరు నాట్లుండాలి" (అంటే గంటకి అన్ని నాటికల్ మైళ్ళు) అంటే వినడానికి బాగానే ఉంటుంది. వేగానికి కావాల్సిన ఇంజను శక్తి సుమారుగా ఘనంలో పెరుగుతుంది. ఇరవై నాట్ల నుంచి ఇరవై ఆరుకి వెళ్ళాలంటే వేగం పెరిగేది మూడో వంతుకన్నా తక్కువ, శక్తి మాత్రం రెండింతలు దాటాలి. అంటే పెద్ద ఇంజన్లు, ఎక్కువ ఇంధనం, ఎక్కువ మెయింటెనెన్సు. ఏడాదిలో ఆ టాప్ స్పీడు ఎన్ని గంటలు వాడారో పాత నౌకల ఇంజన్ లాగ్ తెరిచి చూడు. గస్తీ అంతా పన్నెండు, పద్నాలుగు నాట్ల దగ్గరే నడుస్తుంది. పద్నాలుగు నాట్లతో రోజంతా తిరిగితే 336 నాటికల్ మైళ్ళు. పారిపోతున్న చిన్న స్పీడ్‌బోటును నువ్వెలాగూ పట్టలేవు, దాన్ని హెలికాప్టరో నీ చిన్న బోటో పడుతుంది. ఆ వేగం నిజంగా అవసరమైన చోటు ఉంటే ఉండనీ, కాని కారణం కాగితం మీద రాయించు.

అసలు ప్రమాదం వేరే వైపునుంచి వస్తుంది. నీ డ్రాఫ్ట్ తిరగడం మొదలుపెట్టగానే, పెళ్ళి మెనూలో బంధువులు తలో ఐటమ్ చేర్చినట్టు, ఒక్కో డైరెక్టరేటూ తనదొకటి చేర్చమంటుంది. ఒకరు క్షిపణులంటారు, ఒకరు సోనార్ అంటారు, ఇంకొకరు ఇంకో రాడార్ అంటారు. విడివిడిగా చూస్తే అన్నీ న్యాయమైనవే. ఎత్తున చేర్చిన ప్రతి టన్నూ నౌక స్థిరత్వాన్ని తినేస్తుంది, ప్రతి పెట్టెకీ కరెంటు కావాలి, ఏసీ కావాలి, చూసుకునే మనిషి కావాలి, ఆ మనిషికి మంచం కావాలి. ఆస్ట్రేలియా వాళ్ళు 2018 లో పన్నెండు అరఫురా తరగతి గస్తీ నౌకలు అనుకున్నారు. కడుతూ ఉండగానే అనుమానాలు బయల్దేరాయి. యుద్ధానికి ఈ ఆయుధాలు చాలవు, సాదా గస్తీకి ఇంత పెద్ద నౌక అక్కర్లేదు అన్నారు. 2024 లో ఆరుకి కుదించారు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. ఏ పనికో ముందే తేల్చుకుని, దానికే కట్టించు. రేపు అవసరమైతే చేర్చడానికి బరువులో, కరెంటులో, చోటులో కొంత మిగులు మాత్రం స్పెసిఫికేషన్లోనే రాయించు. అంతకుమించి ఇవాళే నింపకు.

సంఖ్య విషయం చెప్తాను. ఇక్కడ ఫైనాన్స్ వాళ్ళతో గొడవ తప్పదు, సిద్ధంగా ఉండు. ఒక చోట ఎప్పుడూ ఒక నౌక ఉండాలంటే మూడు నౌకలు కావాలన్నది పాత లెక్క. ఒకటి గస్తీలో, ఒకటి రిఫిట్‌లో, ఒకటి సన్నాహంలోనో శిక్షణలోనో. నాలుగు చోట్ల అంటే పన్నెండు. ఎనిమిదికి ఒప్పుకుంటే నాలుగు చోట్ల గస్తీ అని రాయకు, రెండున్నర చోట్ల అని రాయి. ఎవరికి ఏది ఇష్టమో వాళ్ళు నిర్ణయించుకుంటారు, లెక్క మాత్రం నీ చేత తప్పు రాయించకూడదు. సిబ్బందిని వంతులవారీగా మారుస్తూ నౌకను సముద్రం మీదే ఉంచే పద్ధతి కూడా ఉంది, బ్రిటిష్ రివర్ తరగతి నౌకల్లో బాగానే నడిచింది. కాని అందరికీ అచ్చిరాదు. ఆస్ట్రేలియా ఆర్మిడేల్ పడవల్లో రెండు పడవలకి మూడు జట్లు పెట్టారు. పడవకి విశ్రాంతి లేదు, 'ఇది నాది' అని చూసుకునే జట్టూ లేదు. వాడకం మరీ ఎక్కువై అల్యూమినియం చట్రాలు పగుళ్ళిచ్చాయి. మన దగ్గర ఎవరైనా ఈ పద్ధతి ప్రతిపాదిస్తే, మెయింటెనెన్సు రోజులు ఎక్కడ పెడతారో ముందు చెప్పమను.

పాతవాటి బదులు వచ్చేవి ఎన్ని, అదనంగా వచ్చేవి ఎన్ని అన్నది విడదీసి రాయి. 2023 డిసెంబరులో కోస్ట్‌గార్డ్ కోసం ముంబై మజగాం డాక్‌కి ఆరు కొత్త ఓపీవీలు (దూర సముద్రంలో తిరిగే గస్తీ నౌకలు) ఆర్డరిచ్చినప్పుడు నాలుగు పాతవాటి స్థానంలో, రెండు అదనం అని స్పష్టంగా చెప్పారు. అలా చెప్పకపోతే ఆరూ కొత్త బలం అని పేపర్లలో వస్తుంది, నాలుగేళ్ళ తరవాత "అన్ని నౌకలిచ్చాం కదా, ఇంకా చాలవంటారేం" అని మిమ్మల్నే అడుగుతారు.

అన్నీ ఒకేసారి ఆర్డరిచ్చి, రెండేళ్ళలో అన్నీ తెచ్చేసుకోవాలని ఆత్రపడకు. ఒకేసారి పుట్టినవి ఒకేసారి ముసలివవుతాయి. ఇప్పుడు నీ టేబుల్ మీదికొచ్చిన తలనొప్పికి సగం కారణం అదే. కొన్ని నెలలకొకటి చొప్పున వస్తే సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికి వీలుంటుంది, యార్డుకి చెయ్యి తిరుగుతుంది, మొదటిదాంట్లో తప్పులు మూడోదాంట్లో ఉండవు.

టైము లెక్క వెనకనుంచి కట్టు. 2023 మార్చి 30 న నౌకాదళం పదకొండు కొత్త ఓపీవీలకి ఒప్పందం చేసుకుంది, గోవా షిప్‌యార్డుకి ఏడు, కోల్‌కతా గార్డెన్ రీచ్‌కి నాలుగు. అప్పగింతలు 2026 సెప్టెంబరు నుంచి మొదలు కావాలని రాసుకున్నారు. అంటే సంతకం నుంచి మొదటి నౌకకే మూడున్నరేళ్ళు. ఆ సంతకానికి ముందు అవసరం ఆమోదం పొందడం, టెండరు, సాంకేతిక పరిశీలన, ధర బేరం, వీటికి ఎన్నేళ్ళు పడతాయో నీకు నేను చెప్పక్కర్లేదు. నౌక జబ్బుపడ్డాక ఫైలు మొదలుపెట్టడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ధరలు పోల్చేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకో. ఆ పదకొండింటికి 9,781 కోట్లు, సగటున ఒక్కోటి దాదాపు 890 కోట్లు. మజగాం ఆరింటికి సుమారు 1,614 కోట్లు, సగటున 270 కోట్ల లోపే. రెండూ గస్తీ నౌకలే కదా, మూడింతలు ఎందుకు అని ఎవడో ఒకడు మీటింగులో లేస్తాడు. పని వేరు, ఆయుధాలు వేరు, సిస్టమ్స్ వేరు, ఆ ధరలో ఏమేమి కలిశాయన్నదీ వేరు. ఒక పట్టిక తయారుచేసి జేబులో ఉంచుకో: పెంకు (నౌక బయటి ఉక్కు ఒడలు) ఎంత, ఇంజన్లు ఎంత, ఆయుధాలు ఎవరి ఖాతాలో, స్పేర్లు కలిపారా లేదా. ఆ పట్టిక లేకుండా ధర మీద నోరు విప్పకు.

యార్డు విషయంలో మన చెన్నై పక్కనే పాఠం ఉంది. 2015 మార్చిలో కోస్ట్‌గార్డ్ కాట్టుపల్లిలో యార్డున్న ఎల్ అండ్ టీకి ఏడు ఓపీవీలు ఆర్డరిచ్చింది, 1,432 కోట్లకి. ఒక ప్రైవేటు యార్డు ఓపీవీ కట్టి అప్పగించడం అదే మొదలు. మొదటిది విక్రమ్ 2018 ఏప్రిల్లో, ఏడోది విగ్రహ 2021 ఆగస్టులో సేవలో చేరాయి. విగ్రహను ఇక్కడ చెన్నైలోనే సేవలోకి తీసుకుని విశాఖకి పంపారు. మధ్యలో కరోనా వచ్చినా గడువు తప్పలేదు. దానికి నాలుగేళ్ళ ముందు, 2011 లో, నౌకాదళం ఇంకో ప్రైవేటు యార్డుకి ఐదు ఓపీవీలు ఆర్డరిచ్చింది. 2017 లో రెండు నీళ్ళలోకి దిగాయి, తరవాత యార్డు అప్పుల్లో మునిగింది, ఒప్పందం రద్దయింది, ఐదింటిలో ఒక్కటీ నౌకాదళంలో చేరలేదు. ప్రైవేటా, సర్కారుదా అన్నది కాదు తేడా. యార్డు చేతిలో డబ్బు ఆడుతోందా, డిజైను ముందే పూర్తయిందా, ఇంజన్లూ గేర్‌బాక్సులూ ముందే ఆర్డరిచ్చారా, అది చూడు. టెక్నికల్ కమిటీ యార్డుకి వెళ్తే క్రేన్లు చూసి వస్తుంది. నువ్వు వాళ్ళ సప్లయర్లకి బిల్లులు ఎన్నాళ్ళకి అందుతున్నాయో వాకబు చెయ్యి. చిన్న సప్లయరు గుమాస్తా చెప్పినంత నిజం బ్యాలెన్స్ షీటు కూడా చెప్పదు.

లాంచింగ్ రోజు పూలదండలూ కొబ్బరికాయలూ చూసి సగం పని అయిపోయిందనుకుంటారు. నీళ్ళలోకి దిగేది పెంకు. కేబుళ్ళు లాగడం, పైపులు కలపడం, సిస్టమ్స్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చెయ్యడం ఆ తరవాతే, ఆలస్యాలన్నీ అక్కడే. కాబట్టి డబ్బు విడతలు లాంచింగ్ దగ్గర ఎక్కువ పెట్టనివ్వకు, ట్రయల్స్ దగ్గర మిగిల్చి ఉంచు. డిజైను ఖాయం చేసే తేదీ ఒకటి పెట్టి, ఆ తరవాత మార్పు అడిగినవాళ్ళు దానివల్ల అయ్యే ఖర్చూ ఆలస్యమూ తమ సంతకంతో ఒప్పుకోవాలని రాయించు. చూడు, అడిగేవాళ్ళు సగానికి తగ్గిపోతారు. లేకపోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఇన్‌స్పెక్షన్‌కి పంపే మనుషుల్ని నువ్వే ఎంచుకో, వీలైతే. 2018 లో బ్రిటన్ వాళ్ళ సరికొత్త గస్తీ నౌక 'హెచ్‌ఎంఎస్ ఫోర్త్'లో తల విరిగిన బోల్టులకి జిగురు పెట్టి తిరిగి అతికించినట్టు బయటపడింది. అన్ని వందల ఏళ్ళుగా నౌకలు కడుతున్న దేశంలోనే అలా జరిగింది. నేను చాలాకాలం ఈ ఓవర్‌సీయింగ్ పనే, అంటే యార్డులో నౌక కడుతుంటే తనిఖీ చేసే పనే, చేశాను కాబట్టి చెప్తున్నాను, మధ్యాహ్నం భోజనం తరవాత వెళ్ళే తనిఖీకి అర్థం లేదు. షిఫ్టు మారే టైములో, చెప్పకుండా వెళ్ళాలి. వెల్డింగు మీద పెయింటు పడకముందే చూడాలి. యార్డువాళ్ళు "మిగతావి రేపు చూపిస్తాం సార్" అన్నారంటే, ఇవాళే చూడాల్సింది అదేనన్నమాట.

స్పేర్లు నౌకతో పాటే కొనాలి. మొదటి కొన్నేళ్ళకి సరిపడా నౌక మీదవీ, డిపోలో ఉంచేవీ ఒప్పందంలోనే ఉండాలి. ఏ యంత్రానికి ఎన్నేళ్ళ వరకు పార్టులు ఇస్తామో తయారీదారు రాసివ్వాలి. బడ్జెట్ బిగిస్తే మొదట కోసేది ఈ పద్దునే, ఎందుకంటే స్పేర్లకి రిబ్బన్ కట్ చేసే ఫంక్షన్ ఉండదు.

నౌక పొడవు పెరిగితే జెట్టీ పొడవు, నీటి లోతు, ఒడ్డునుంచి ఇచ్చే కరెంటు చూసుకో. కాట్టుపల్లిలో నౌకను నీళ్ళలోంచి పైకెత్తే షిప్‌లిఫ్ట్ ఉంది, 2022 లో అమెరికా నౌకాదళపు ఓడే రిపేరుకి అక్కడికొచ్చింది. కాని నీ రిఫిట్ వరస అక్కడ ఖాళీతో కుదరాలి కదా, ముందే మాట్లాడుకో. మనుషుల సంగతీ అంతే. న్యూజీలాండ్‌లో నౌకలు బాగానే ఉన్నాయి, నడిపే ఇంజనీరింగు సిబ్బంది లేక గస్తీ నౌకల్ని జెట్టీకి కట్టేయాల్సి వచ్చింది. కొత్త నౌకకి వెళ్ళే జట్టును పాత నౌకల్లోంచే తీస్తారు. అప్పుడు పాతది ఎవరు నడుపుతారో అడుగు.

పాతది సేవలోంచి ఎప్పుడు దించాలి? దీని మీద మాత్రం పట్టు విడవకు. కొత్తది సేవలో చేరిన రోజే పాతది దించితే పుస్తకంలో ఖర్చు తగ్గినట్టు కనిపిస్తుంది, ఫైనాన్స్ వాళ్ళు అదే అడుగుతారు. కొత్త నౌక మొదటి ఏడాదిలో చాలా రోజులు గ్యారంటీ రిపేర్లలోనే పోతాయి. మన బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎలా ఉంటుందో తెలుసుగా. తుఫాను హెచ్చరిక వస్తే హార్బరులోని నౌకలన్నీ బయటికి, లోతు సముద్రంలోకి పోవాలి. 2016 డిసెంబరు వార్దా అప్పుడైనా, 2023 లో మిచాంగ్ అప్పుడైనా, ఇంజను విప్పేసి జెట్టీకి ఆనుకుని ఉన్న నౌక పరిస్థితి ఏమిటో ఆలోచించు. కొత్తది ఒక ఈశాన్య రుతుపవనం పూర్తిగా సముద్రం మీద గడిపి వచ్చేదాకా అది ఏ పాత నౌక బదులు వచ్చిందో దాన్ని దించకూడదని నోట్‌లో ఒక వాక్యం పెట్టు. ఆ మూడు నెలల్లో రిఫిట్లు పెట్టొద్దని ఇంకో వాక్యం.

దించాక తుక్కు కింద అమ్మడమే దారి కాదు. సుకన్య తరగతిలోని సరయూను 2000 లో శ్రీలంకకి ఇచ్చాం. అక్కడ సయురా అనే పేరుతో, 2007 లో ఎల్‌టీటీఈ ఆయుధాల ఓడల్ని సముద్రం మధ్యలో వేటాడి ముంచిన జట్టులో అది ఉంది. పొరుగు దేశానికి ఇచ్చేటప్పుడు స్పేర్లూ, శిక్షణా కలిపి ఇవ్వాలి, లేకపోతే రెండేళ్ళకి అది మన పేరు చెడగొట్టడానికే అక్కడ నిలబడి ఉంటుంది. ఎవరికీ ఇవ్వనివాటిలో పనికొచ్చే పార్టులు ముందు పీకి, ఇంకా తిరుగుతున్న అదే తరగతి అక్కాచెల్లెళ్ళకి దాచిపెట్టు.

ఒక మాట. డ్రాఫ్ట్ తయారయ్యాక నాకు పంపకు. వాట్సాప్‌లో ఒక పేజీ ఫోటో కూడా వద్దు. నేనిప్పుడు బయటివాణ్ణి, నీ ఆఫీసు కాగితం నా ఫోన్లో ఉండకూడదు. సందేహం ఉంటే ఊరికే మనిషివి రా, పేర్లూ అంకెలూ చెప్పకుండా అడుగు, నాకు తెలిసింది చెప్తాను. ఆదివారమైతే అత్తయ్య కూడా ఇంట్లోనే ఉంటుంది.

ఇట్లు,
మీ మామయ్య